డ్యూటీకి వెళ్లాలంటేనే గుండె దడ... చదువు మానేయాలా?

ప్రశ్న: నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. ఉదయం వార్డు పోస్టింగ్, మధ్యాహ్నం క్లాసులు, రాత్రి కేర్ ప్లాన్లు (ఒక్కో రోగి సమస్యలేంటో, ఏ సేవ చేయాలో రాసేవి), అసైన్‌మెంట్లు. నాలుగు గంటలకు మించి నిద్ర ఉండడం లేదు. పోయిన వారం ఒక పెద్దాయనకు డిగాక్సిన్ అనే గుండె మాత్ర ఇవ్వబోతూ పల్స్ చూడడం మరిచిపోయాను. సిస్టర్ ఆపి, అందరి ముందూ తిట్టారు. అప్పటి నుంచి వార్డు మెట్లు ఎక్కుతుంటేనే చేతులకు చెమటలు పడుతున్నాయి. చదివింది గుర్తుండడం లేదు. నేను ఈ వృత్తికి పనికిరానేమో అనిపిస్తోంది. మానేయమంటారా?

జవాబు: అమ్మా, ఆ మాత్ర ఆయన నోట్లోకి వెళ్లలేదు. మీరు రోజూ తలుచుకుని బాధపడుతున్న సంఘటనలో ఈ ఒక్క విషయం మరిచిపోతున్నారు. నేర్చుకునేవాళ్ల పక్కన సీనియర్ నిలబడేది అందుకే. సిస్టర్ ఆపడం సరైన పని. అందరి ముందు తిట్టడం మాత్రం నాకు నచ్చలేదు. ఆ మాటలు మీ సామర్థ్యానికి కొలత అనుకోకండి.

ఇక చదివింది గుర్తుండడం లేదన్నారు. కానీ డిగాక్సిన్ సంగతి ఇప్పుడు అడిగితే నిద్రలో లేపినా చెబుతారు కదా! అది గుండె వేగాన్ని తగ్గించే మందు. ఇచ్చే ముందు ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువ ఉంటే మాత్ర ఆపి డాక్టర్‌కు చెప్పాలి. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నిలవనిది ఆ పెద్దాయన మంచం పక్కన నిలిచిపోయింది. మీ చదువంతా ఇలా మంచం దగ్గర మొదలుపెట్టి చూడండి.

ఆయననే తీసుకుందాం. గుండె సరిగ్గా పనిచేయక ఒంట్లో నీరు చేరింది, పాదాలు వాచాయి, ఆయాసం వస్తోంది అనుకోండి. నీరు తీయడానికి ఫ్యూరోసిమైడ్ ఇస్తారు. దానివల్ల మూత్రంతో పాటు పొటాషియమూ పోతుంది. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ ఒంట్లో విషంలా పనిచేసే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు ఆకలి మందగిస్తుంది, వికారంగా ఉంటుంది, చూపు పసుపుపచ్చగా మారవచ్చు. రోజూ ఉదయం ఒకే సమయానికి బరువు ఎందుకు చూస్తారో కూడా ఇక్కడే అర్థమవుతుంది: ఒంట్లో నీరు పెరిగిందో తగ్గిందో తెలియడానికి. అనాటమీ, ఫార్మకాలజీ (మందుల గురించిన చదువు), కేర్ ప్లాన్ వేర్వేరుగా చదివితే మూడు కొండలు. ఒక్క రోగి చుట్టూ అల్లుకుంటే అదంతా ఒకే కథ. వార్డులో ఉన్నప్పుడే చిన్న నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి, రోగి పేరు మాత్రం రాయకండి. ఆ రాత్రి పుస్తకం మూసి, మీకు మీరే పైకి చెప్పుకోండి. తడబడిన చోట మాత్రమే పుస్తకం తెరవండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకంటే చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది.

కేర్ ప్లాన్ల విషయంలో ఒక మాట. పుస్తకంలోంచి పది సమస్యలు ఎత్తి రాయడంతోనే రాత్రి గడిచిపోతుంది. ఆ రోజు ఆ రోగికి అన్నిటికంటే ముఖ్యమైన రెండు మూడింటిని లోతుగా రాస్తే సరిపోతుందా అని ట్యూటర్‌ని నేరుగా అడగండి. అడగడానికి మొహమాటపడి ఎంతోమంది అనవసరంగా తెల్లవార్లూ రాస్తూ కూర్చుంటారు.

వీటన్నిటికంటే ముందు నిద్ర. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నాలుగు గంటలు పడుకుని మతిమరుపు వచ్చిందని మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారు! పల్స్ చూడడం మరిచిపోవడానికి కూడా అలసటే కారణమై ఉండవచ్చు. రాత్రి ఎనిమిదికి తాగిన కాఫీలోని కెఫీన్ ఒంటిగంటకు కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం నుంచి కాఫీ మానండి. అసైన్‌మెంట్ మిగిలినా సరే, ఒక సమయం పెట్టుకుని లైటు ఆర్పేయండి.

మానేయాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చకండి. మూడు నాలుగు వారాలు కంటినిండా నిద్రపోయాక ఆలోచించండి. అప్పటికీ ఈ పని మీద మనసు లేదనిపిస్తే వేరే దారి వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. అయితే దిగులు రెండు వారాలు దాటి అలాగే ఉన్నా, తిండి సహించకపోయినా, డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఒంటరిగా ఉండకండి.

రేపు పది నిమిషాలు ముందుగా వెళ్లండి. వార్డు తలుపు దగ్గర ఆగి, గాలి నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. అలా ఐదారు సార్లు చేస్తే చాలు. తర్వాత ఆ సిస్టర్ దగ్గరికే వెళ్లి అడగండి: "సిస్టర్, ఆ రోజు మీరు ఆపడం మంచిదైంది. ఇవాళ మందులు ఇచ్చేటప్పుడు కాసేపు నా పక్కన ఉంటారా?"