నాన్న కెమెరా మీద టవల్ కప్పారు

ప్రశ్న: మేడమ్, నేను డల్లాస్‌లో ఉంటాను, తమ్ముడు బెంగళూరులో. నాన్నగారికి 74 ఏళ్లు. రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. ఏడాదిన్నర క్రితం అమ్మ పోయినప్పటి నుంచి తెనాలిలో సొంతింట్లో ఒక్కరే ఉంటున్నారు. మా దగ్గరికి రమ్మంటే రారు. మొన్న వేసవిలో తెల్లవారుజామున నాలుగింటికి బాత్రూమ్‌కి వెళ్లి, కళ్లు తిరిగి పడ్డారు. నుదుటి మీద నాలుగు కుట్లు. మాకు చెప్పనే లేదు, వారం తర్వాత వీడియో కాల్‌లో కట్టు చూసి తెలుసుకున్నాం. తమ్ముడు వెళ్లి హాల్లో కెమెరా పెట్టించాడు. నేను స్మార్ట్ వాచీ, బీపీ మిషన్ పంపాను. అమ్మ కొనిచ్చిన హెచ్ఎంటీ వాచీ తీయనంటూ కొత్తది బీరువాలో పెట్టారు. బీపీ రోజూ ఫ్యామిలీ గ్రూపులో పెట్టమంటే నాలుగు రోజులు పెట్టి మానేశారు. ఒక సాయంత్రం అమ్మ ఫొటో ముందు కూర్చుని మాట్లాడుకుంటుంటే కెమెరాలో విన్నాను, డిప్రెషనేమో డాక్టరుకి చూపిద్దాం అన్నాను. మర్నాడు కెమెరా మీద టవల్ కప్పేశారు. అడిగితే ‘నేనేమన్నా దొంగనా?’ అని ఫోన్ పెట్టేశారు. ఆయన మంచికేగా చేశాం, ఎలా ఒప్పించాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మీ భయమే కనిపించింది. నాన్న పడ్డారన్న సంగతి వారం తర్వాత తెలిస్తే ఏ కూతురికి నిద్ర పడుతుంది? రెండోసారి చదువుతూ అమ్మ ఫొటో దగ్గర ఆగిపోయాను. మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, గొడవంతా అక్కడే ఉంది. కెమెరా బిగించిన రోజు ఆయన కాదనలేదు. టవల్ పడింది మీరు ‘విన్నాను’ అని చెప్పిన మర్నాడు.

ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషితో ఆయన సాయంత్రం పూట రెండు మాటలు చెప్పుకుంటున్నారు. ఆ మాటలు సముద్రాలు దాటి కూతురి చెవిన పడ్డాయనీ, జబ్బు ఖాతాలో చేరాయనీ తెలిస్తే ఆయనకి ఎలా ఉంటుంది చెప్పండి. నేనైతే కెమెరా పీకి పెరట్లో పారేసేదాన్ని. ఆయన పెద్దమనిషి, టవల్‌తో సరిపెట్టారు.

పోయిన భార్యతోనో భర్తతోనో మాట్లాడుకునేవాళ్లు చాలామందే ఉంటారు. మా అత్తయ్య ఆరేడేళ్ల పాటు పప్పు దించుతూ ‘ఉప్పు సరిపోయిందాండీ’ అని మామయ్య కూర్చునే పీటవైపు చూసి అడిగేది. ఆవిడ మతి చివరిదాకా నాకంటే చురుగ్గానే పనిచేసింది. కంగారుపడాల్సిన గుర్తులు వేరే. తిండి సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, స్నానం వాయిదా వేయడం, పేపరు గుమ్మంలోనే పడి ఉండటం, చొక్కాలు వదులైపోవడం, ‘ఇంకెందుకు నేను’ అనడం. ఇలాంటివి రెండు వారాలు దాటి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416కి తమ్ముడు ఫోన్ చేస్తే రాత్రయినా పగలయినా మాట్లాడతారు, తెలుగులోనే.

కాబట్టి ముందు మీరు ఫోన్ చేయండి. ‘నాన్నా, ఆ రోజు వినకూడని మాట విన్నాను, పైగా దానికో జబ్బు పేరు పెట్టాను, తప్పు నాదే’ అనండి. ఆ ఫోన్లో వాచీ ఊసెత్తకండి. క్షమాపణ వెనకాలే ఒక పని పురమాయిస్తే, పని కోసమే క్షమాపణ చెప్పారనుకుంటారు.

ఇక పడిపోవడం సంగతి. ఆయన పడింది బాత్రూమ్‌లో, మీ కెమెరా ఉన్నది హాల్లో. టవల్ లేకపోయినా అది ఆయన్ని కాపాడేది కాదు. మంచం మీంచి లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం ఈ వయసులో తరచూ చూసేదే. బీపీకో ప్రొస్టేట్‌కో మాత్రలు వాడేవాళ్లలో ఇంకా ఎక్కువ. మీరు పంపిన మిషన్‌కి అసలైన పని ఇక్కడుంది. తమ్ముడు వెళ్లినప్పుడు నాన్నగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డ నిమిషానికి ఒకసారి, మూడో నిమిషానికి ఇంకోసారి చూడమనండి, పక్కనే నిలబడి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం, వాడే మాత్రలన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తగ్గకపోయినా, ఆయన కళ్లు తిరిగి పడ్డారన్న మాట డాక్టరుకి చెప్పి తీరాలి. కారణం గుండెలో కూడా ఉండొచ్చు. మాత్ర తగ్గించాలా, వేళ మార్చాలా అన్నది డాక్టరు పని. మీరు గూగుల్ చూసి మార్చొద్దు.

బాత్రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి స్టీలు రాడ్లు, కింద జారని రబ్బరు మ్యాట్, బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా మనిషి కదిలితే వెలిగే చిన్న లైట్లు. మీరు పంపినవాటిలో ఇవి లేవు, వీటికి పాస్‌వర్డూ అక్కర్లేదు.

వాచీ గురించి నాకు తోచింది చెబుతాను. హెచ్ఎంటీ తీయమనకండి. అది ఆ చేతికి ఉండాల్సిందే. స్మార్ట్ వాచీని రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకుని, పొద్దున స్నానం అయ్యాక తీసేస్తే చాలు. ఆయన పడింది నాలుగింటికి కదా! పగలంతా అది చార్జింగ్‌లో ఉంటుంది, రాత్రికి చార్జింగ్ అయిపోతుందన్న గోలా తప్పుతుంది. నీళ్లు పడినా పాడవని రకమో, పడిపోతే గుర్తుపట్టే సదుపాయం అందులో ఉందో లేదో చూడండి. ఉంటే, గట్టిగా పడినప్పుడు ముందు చేతి మీద కొట్టుకుంటుంది. ఆయన బాగానే ఉన్నానని నొక్కకపోతే, కదలకుండా ఉంటే, అప్పుడు ఫోన్లు వెళ్తాయి. చాలా వాచీలకి సొంత సిమ్ ఉండదు, పక్కన ఫోన్ ఉంటేనే పనిచేస్తాయి. ఫోన్ హాల్లో టీవీ దగ్గర పెట్టి పడుకుంటే వాచీ ఉన్నా లేనట్టే. కొన్ని రకాలుగా పడితే వాచీ గుర్తించకపోవచ్చు కూడా, అందుకే ముందు రాడ్ల గురించి చెప్పాను.

ఆ ఫోన్ ఎవరికి వెళ్లాలన్నది అంతకంటే ముఖ్యం. డల్లాస్‌లో మీకు మోగితే మీరు చేసేదేమిటి? తెనాలికి ఫోన్ చేస్తారు. అందుకని మొదటి నంబరు పక్కింటివాళ్లది పెట్టండి, లేదా మేడ మీద అద్దెకున్నవాళ్లది. తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గర ఉండాలి. ఎవరికివ్వాలో నాన్నగారే చెప్పాలి. మీకు నచ్చినవాళ్లతో ఆయనకి పదేళ్లుగా మాటల్లేకపోవచ్చు!

గార్డుగా చేసిన మనిషి అన్నారు కదా, నాకు అక్కడే ఒక దారి కనిపించింది. బండి స్టేషన్ దాటేటప్పుడు గార్డు, స్టేషన్ వాళ్లు ఒకరికొకరు పచ్చజెండా చూపించుకుంటారు, రాత్రయితే పచ్చ దీపం. ‘ఆల్ రైట్’ అని. బ్రేక్ వ్యాన్‌లో గార్డు ఏం తింటున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో స్టేషన్ మాస్టర్‌కి అనవసరం. జెండా కనిపించిందా లేదా, అంతే. ఆ మాట ఆయనతో అనండి. రోజూ పొద్దున ఏడింటికల్లా వాట్సాప్‌లో ఆయన ఒక పచ్చ గుర్తు పెడతారు. మీకప్పుడు ముందురోజు రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో, కాలాన్ని బట్టి. మీరూ తిరిగి పచ్చ గుర్తు పెట్టండి, జెండా రెండు వైపులా చూపాలి కదా. ఎనిమిది దాటినా రాకపోతే తమ్ముడు ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే ఎనిమిదిన్నరకి పక్కింటివాళ్లు తాళం తీస్తారు. ఏ రోజైనా ఆయన మర్చిపోతే చిరాకు పడొద్దు. ఇంట్లోనే ఉండి ‘అయ్యో మర్చిపోయానే’ అన్నారంటే అదీ మంచి వార్తే.

బీపీ గ్రూపులో పెట్టడం ఎందుకు మానేశారో నేను ఊహించగలను. ఆయన 148 అని పెట్టగానే మీరొక ప్రశ్న, తమ్ముడొకటి, మరదలు ఉప్పు మీద ఒక వీడియో. పరీక్ష పేపరు దిద్దించుకున్నట్టు ఉంటుంది. గార్డులకి ప్రయాణమంతా టైములు రాసుకునే అలవాటు. ఒక నోటుపుస్తకం కొనివ్వండి, అంకెలు అందులో ఆయన చేతిరాతతో ఉంటాయి, గ్రూపులో కాదు. రోజూ అక్కర్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక వారం, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం తేడాతో. ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చుని, వీపు ఆనించి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చేయి బల్ల మీద పెట్టి చూసుకోవాలి. కాఫీ తాగిన అరగంట లోపు చూస్తే అంకె ఎక్కువ రావచ్చు. ఇంట్లో చూసినప్పుడు మామూలుగా 135/85 దాటుతుంటే డాక్టరుతో మాట్లాడాలి. ఒక్కరోజు దాటితే కొంప మునగదు.

ఇంకో మాట. ఇంతవరకూ మీరు ఇంట్లో పెట్టినవన్నీ మీరు ఆయన్ని చూడటానికే. ఆయన వాడుకునేది ఒక్కటీ లేదు. నవంబరులో పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, జీవన్ ప్రమాణ్ యాప్‌లో ఫోన్ కెమెరాకి ముఖం చూపిస్తే ఇంట్లోంచే అయిపోతుంది. ఇప్పటిదాకా బ్యాంకుకి తిరుగుతుంటే అది నేర్పమనండి తమ్ముణ్ని. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేయమనండి. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదని, పోలీసులమని వీడియో కాల్ వస్తే కట్ చేయాలని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని చెప్పమనండి. ఒంటరిగా ఉండే పెన్షనర్లకి బాత్రూమ్ తర్వాత నేను భయపడేది ఈ ఫోన్లకే.

ఇవన్నీ చేసినా ఒకరోజు ఆయన పడొచ్చు. తెనాలిలో ఉంటానన్నది ఆయన ఇష్టం, ఆ రిస్కు ఆయన తెలిసే తీసుకుంటున్నారు. మీ భయం పూర్తిగా పోయే యంత్రం ఎక్కడా దొరకదు, అది మీరు కొంత మోయాల్సిందే.

కెమెరా విషయానికొస్తే, తమ్ముడు ఈసారి వెళ్లినప్పుడు నిచ్చెన వేసుకుని దింపేయమనండి. దింపాక, ఎక్కడన్నా పెడదామా, అసలు వద్దా అని నాన్నగారినే అడగమనండి. గేటువైపు పెట్టమంటారేమో. కొబ్బరికాయలు ఎవరో కోసుకుపోతున్నారని చెప్పని పెద్దాయన్ని నేనింతవరకు చూడలేదు. పెడితే అది ఆయన ఫోన్లోనే కనిపించాలి. పాస్‌వర్డ్ కూడా ఆయనే పెట్టుకుంటారు.