పాత లగ్జరీ కారుకు బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు షోరూమ్‌లోనే కొనాలా?

అక్కర్లేదు, ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరుకు కచ్చితంగా సరిపోయే, పేరున్న బ్రేక్ కంపెనీ సరుకు బిల్లుతో తీసుకుంటే చాలు. కార్ల కంపెనీలు బ్రేకులు చాలావరకు సొంతంగా చేసుకోవు. ఏటీఈ, టెక్స్‌టార్, బ్రెంబో లాంటి సంస్థల దగ్గర తీసుకుని తమ ముద్ర వేసి అమ్ముతాయి.

అసలు చిక్కు సైజు దగ్గరే వస్తుంది. కారు పార్టుల దుకాణాలుండే బెంగళూరు జేసీ రోడ్డుకెళ్లి ‘2008 బీఎండబ్ల్యూ త్రీ సిరీస్‌కి డిస్కులివ్వండి’ అంటే సరిపోదు. ‘E90’ అని పిలిచే ఆ మోడల్లోనే ఇంజిన్‌ను బట్టి ముందు డిస్కు వ్యాసం 312 మి.మీ. ఉన్నవీ, 330 మి.మీ. ఉన్నవీ వచ్చాయి. పైకి బండ్లు ఒకేలా ఉంటాయి, పార్టు మాత్రం పట్టదు.

డిస్కు మార్చాలో వద్దో అంచు మీదే రాసి ఉంటుంది. ‘మిన్ టీహెచ్’ (MIN TH) అన్న అక్షరాల పక్కన ఉండే అంకె కనీస మందం, అంతకన్నా పలచబడితే మార్చాలి. మెకానిక్‌తో మీ కళ్లముందే కొలిపించండి. డిస్కు అంచున గోటికి గట్టులా తగిలితే అరిగిందని అర్థం. మారిస్తే ఎడమ, కుడి రెండూ కలిపే మార్చాలి. ప్యాడ్‌లో ఉండే సెన్సర్ వైరు ఒకసారి అరిగి వార్నింగ్ లైటు వెలిగిందంటే అదీ కొత్తది వేయాల్సిందే.

రంధ్రాలున్న డిస్కులు వేస్తే బండి ఇంకా త్వరగా ఆగుతుందని చాలామంది నమ్ముతారు. బెంగళూరు సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో వాటివల్ల ఒరిగేదేమీ లేదు, పైగా నాసిరకం వాటికి రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. ఆ డబ్బుతో రెండేళ్లు దాటిన బ్రేక్ ఆయిల్ మార్పించండి.