పాఠకుల ప్రశ్నలు: మెట్ల దీపానికి ఆర్డువినో అవసరమా?

ప్రశ్న: మా ఇంటి మెట్ల దగ్గర మనిషి రాగానే దానంతట అదే వెలిగే ఎల్ఈడీ దీపం తయారుచేసుకున్నాను. కదలికను పసిగట్టే హెచ్‌సీ-ఎస్ఆర్501 సెన్సరు, చిన్న కంప్యూటరులా ప్రోగ్రాము నడిపే ఆర్డువినో ఊనో బోర్డు, 2,500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్ల) నిల్వ గల 18650 లిథియం సెల్లు, వోల్టేజిని 5కు పెంచే బూస్టర్ వాడి, పీఎల్ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటర్‌పై పెట్టె చేయించాను. సెల్లు రోజున్నరలో అయిపోతోంది. దుమ్ము పడకుండా సెన్సరు ముందు పలుచని ప్లాస్టిక్ రేకు బిగించాక అది మనిషిని గుర్తించడమే మానేసింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ సెల్లులో లోపం లేదు. ఊనో బోర్డు ఏ పనీ చేయకపోయినా సుమారు 45 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటూనే ఉంటుంది. 3.7 వోల్టులను 5కు పెంచడానికి సెల్లు అదనంగా ఇవ్వవలసిన కరెంటును, బూస్టర్‌లో పోయే నష్టాన్ని కలిపితే అది 75 దాటుతుంది కనుక, దీపం ఒక్కసారి కూడా వెలగకపోయినా రోజున్నరలో సెల్లు ఖాళీ కాక తప్పదు. నిజానికి ఈ పనికి ఆర్డువినో అక్కరలేదు. కదలికను పసిగట్టి, కాసేపు సంకేతమిచ్చి ఆపే ఏర్పాటు సెన్సరులోనే ఉంది.

మీ సెన్సరుకు కనీసం 4.5 వోల్టులు కావాలి; బూస్టర్ పెట్టవలసి వచ్చింది అందుకే. దాని బదులు ఏఎం312 అనే చిన్న సెన్సరు తీసుకుంటే 2.7 వోల్టుల నుంచే పనిచేస్తుంది కాబట్టి నేరుగా సెల్లుకు కలపవచ్చు. దాని సంకేతాన్ని 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఎల్ఈడీలకు స్విచ్‌లా పనిచేసే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్ఫెట్ గేటుకు (దాన్ని నియంత్రించే కాలికి) ఇవ్వండి. గేటుకూ సెల్లు నెగటివ్‌కూ మధ్య ఎల్‌డీఆర్ (వెలుతురు పడితే నిరోధం తగ్గే రెసిస్టర్) పెడితే పగటి వెలుతురులో దీపం వెలగదు. అయితే ఎల్‌డీఆర్‌పై మీ దీపం కాంతే పడితే అది వెలిగీ ఆరీ మిణుకుమంటూ ఉంటుంది. అందుచేత పెట్టెలో ఆ రెంటి మధ్య నల్లటి అడ్డుగోడ తప్పనిసరి. తెల్ల ఎల్ఈడీలు ఐదు చాలు, ఒక్కొక్కదానికి విడిగా 47 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. రోజుకు మొత్తం అరగంట వెలిగినా ఖర్చు 50 ఎంఏహెచ్ దాదాపుగా ఉంటుంది కాబట్టి ఒక్క చార్జింగ్‌తో నెలన్నర ఆశించవచ్చు. చార్జింగ్‌కు టీపీ4056 బోర్డు కొనేటప్పుడు, సెల్లుకు రక్షణ సర్క్యూట్ ఉన్నదే, అంటే అవుట్‌పుట్‌కు వేరే రెండు టెర్మినళ్లు ఉన్నదే తీసుకోండి. లిథియం సెల్లు విషయంలో ఈ కొద్దిపాటి ఖర్చుకు వెనకాడడం మంచిది కాదు.

ఇక పెట్టె. సెన్సరు చూసేది మనిషి ఒంటి నుంచి వెలువడే పరారుణ వేడిని. కంటికి పారదర్శకంగా కనిపించే గాజు, యాక్రిలిక్ సైతం ఆ కిరణాలను ఆపేస్తాయి, పీఎల్ఏ కూడా అంతే. సెన్సరుపై ఉండే తెల్లటి గుండ్రటి మూత పాలిథిన్‌తో చేసిన లెన్సు కనుక మాత్రమే వాటిని లోపలికి పోనిస్తుంది. అందువల్ల మీరు బిగించిన రేకును తీసివేసి, లెన్సు వ్యాసాన్ని వెర్నియర్ క్యాలిపర్స్‌తో కొలిచి, అంతకంటే 0.3 మిల్లీమీటర్లు ఎక్కువగా రంధ్రం గీయించి, లెన్సు పూర్తిగా బయటికి వచ్చేటట్లు అమర్చండి. ఎల్ఈడీల ముందు మాత్రం 0.8 మిల్లీమీటర్ల తెల్లటి పొర ఉంటే కాంతి మెత్తగా పరుచుకుంటుంది. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి, ఎండ తగిలే గోడైతే 80 వరకు తట్టుకునే పీఈటీజీ ప్లాస్టిక్ వాడండి.

సెన్సరు తనవైపు ఎదురుగా నడిచి వచ్చేవారికన్నా అడ్డంగా దాటేవారిని తేలిగ్గా పట్టుకుంటుంది. పెట్టెను మెట్ల పక్క గోడకు, మోకాలి ఎత్తున బిగించడం మేలు. మే నెలలో గోడల వేడి మన ఒంటి వేడికి దగ్గరపడినప్పుడు రెంటికీ తేడా చాలక గుర్తించే దూరం తగ్గుతుంది. అప్పుడు సెన్సరు మార్చకండి, పెట్టెను మరో రెండు మెట్లు దగ్గరికి జరపండి.