అమ్మ పిరమిడ్ ధ్యానంలో పడింది, భయపడాలా?

ప్రశ్న: మాది కర్నూలు. అమ్మకు 58 ఏళ్లు. ఈమధ్య పిరమిడ్ ధ్యానానికి వెళ్తోంది. మాంసం మానేసింది, ఇంట్లో ఎవ్వరినీ తిననివ్వడం లేదు. ధ్యానంతోనే తగ్గుతుందని పక్కింటావిడ చెప్పిందట, షుగర్ మాత్రలు కూడా ఆపేస్తానంటోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇదేమైనా కొత్త మతమా?

జవాబు: ఇది మీ ఊళ్లో పుట్టిందేనమ్మా. ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ సుభాష్ పత్రి 1990లో కర్నూల్లో మొదలుపెట్టారు, ఆయన 2022లో పోయారు. వాళ్లు దీన్ని మతం అనరు. మంత్రం, దీక్ష లేవు, ఎవరి శ్వాసే వాళ్లకు గురువంటారు. కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తూ కూర్చోవాలి, వయసు ఎంతుంటే రోజుకు కనీసం అన్ని నిమిషాలు, అంటే మీ అమ్మగారికి దాదాపు గంట. ఆనాపానసతి అనే ఈ పద్ధతి బుద్ధుడి కాలం నుంచీ ఉన్నదే, మనసు కుదుటపడటానికి మంచిదే, కూర్చోనివ్వండి. పిరమిడ్ ఆకారపు కట్టడం లోపల కూర్చుంటే శక్తి ఎక్కువని వాళ్ల నమ్మకం, సైన్సు మాత్రం దాన్ని నిరూపించలేదు.

శాకాహారం ఆమె ఇష్టం. కానీ రాగిసంగటిలోకి నాటుకోడి పులుసు తినే పిల్లల కంచం దగ్గర గొడవ వద్దని మెల్లగా చెప్పండి.

మాత్రల విషయంలో మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. షుగర్ మందులు ఉన్నట్టుండి ఆపితే కళ్లకు, కిడ్నీలకు ముప్పు. ఈ వారమే రక్తపరీక్ష చేయించి, ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ధ్యానం సంగతి కూడా ఆయన ముందే మాట్లాడించండి.