నాలుగు గంటల టెంపరేచర్

పెరంబూర్, చెన్నై
ఆదివారం మధ్యాహ్నం

చిట్టితల్లీ,

ప్రభువు నామంలో నీకు అమ్మమ్మ ముద్దులు.

మొన్న రాత్రి పదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళకి బెంగళూరు నుంచి ఫోన్ వస్తే నాకు గుండె దడ. ఎవరికీ ఏమీ కాలేదన్నాకే కుర్చీలో కూర్చున్నాను. "క్రిస్మస్ సెలవుల్లో యూత్ క్యాంపుకి వెళ్లి, లేచి నిలబడి, పూర్తికాల సేవకు సమర్పించుకుందటమ్మా. ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకుంటుందట. పీయూసీ పరీక్షలయ్యాక నర్సింగూ వద్దు ఏమీ వద్దు, ఒక టీముతో ఊళ్లు తిరుగుతుందట" అని ఒకటే ఏడుపు. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి నేనూ ఏడ్చాను, కానీ సంతోషం పట్టలేక. నాలుగేళ్లప్పుడు ఇదే ఇంట్లో నా ఒళ్లో కూర్చుని, నా పెద్దక్షరాల బైబిల్లో వేలు పెట్టి "యే... సు" అని కూడబలుక్కున్న పిల్లవి. ఆ పేరుకి నీ బతుకు ఇస్తానంటే నాకు ఇంకేం కావాలి. తరువాత మంచం మీద వాలితే నిద్ర రాలేదు. అప్పుడు పట్టుకుంది భయం. తెల్లవార్లూ నీతో మనసులోనే మాట్లాడాను. ఫోన్‌లో అయితే నువ్వు "సరే అమ్మమ్మా, సరే అమ్మమ్మా" అని పెట్టేస్తావని రాస్తున్నాను. నెమ్మదిగా చదువు. అర్థం కాని మాట ఉంటే మీ నాన్ననడుగు.

బైబిలు రోజూ చదువు, ప్రార్థన మానకు, ఆదివారం పడుకుండిపోకు, రాత్రి ఫోన్ పక్కలో పెట్టుకోకు. ఇవి నీకు తెలిసినవే.

బాప్తిస్మం సంగతి. తీసుకో. నేను కాదనను, మీ అమ్మకి కూడా నేనే చెప్తాను. కానీ మీ పాస్టరు అయ్యగారు ఇంకొంతకాలం ఆగమంటే మొహం మాడ్చుకోకు. మైలాపూర్ వైపు లోకల్ రైల్లో వెళ్తుంటే పక్కన నల్లటి కాలువ కనబడేది, ముక్కు మూసుకునేదానివి, గుర్తుందా? అది బకింగ్‌హామ్ కాలువ. 1876లో పెద్ద కరువు వచ్చి ఒంగోలు చుట్టుపక్కల జనం తిండిలేక రాలిపోతుంటే, మిషనరీ క్లౌ దొరగారు ఆ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకి కూలి ఇప్పించారు. పనికొచ్చినవాళ్లు అక్కడే వాక్యం విన్నారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం అడుగుతున్నారో ప్రభువు కోసం అడుగుతున్నారో తేలాలని ఏడాది పైనే ఆపారు. కరువు సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. అందులో మా అమ్మమ్మ వాళ్ల నాయనమ్మ ఉందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆకలితో ఉన్నవాళ్లు అన్నాళ్లు ఆగగలిగారు. నువ్వు అమ్మ వండిపెడితే తింటూ నాలుగు నెలలు ఆగలేవా?

చదువు మానేస్తానన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. మూడేళ్లుగా నర్సింగ్ నర్సింగ్ అని నువ్వే కదా అన్నావు, నా పాత యూనిఫాం బెల్టు అడిగి తీసుకెళ్లావు కూడా. వెల్లూరు ఐడా స్కడరమ్మ కథ మా నర్సులందరికీ తెలుసు. వాళ్ల నాన్న మిషనరీ డాక్టరు. ఆ పిల్లకి మాత్రం ఈ దేశంలో ఉండే ఉద్దేశమే లేదు. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల్ని చూడమని ఆమెను పిలిచారు. మగ డాక్టర్ని మాత్రం ఇంట్లోకి రానిచ్చేది లేదన్నారు. ఆమెకి వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. పిలుపంటే అంతకన్నా గట్టిగా ఎవరికొస్తుంది? అయినా ఆమె తెల్లారి సంచి తగిలించుకుని ఊళ్ల మీద పడలేదు. అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1899లో పట్టా తీసుకుని, 1900లో తిరిగొచ్చి వెల్లూరులో ఒక్క మంచంతో ఆసుపత్రి మొదలుపెట్టింది. 1909లో నర్సింగ్ స్కూలు, 1918లో ఆడపిల్లలకి మెడికల్ స్కూలు పెట్టింది. ఆమె పుస్తకాల ముందు కూర్చున్న ఏళ్లన్నీ ప్రభువుకి దూరంగా గడిపినట్టేనా? యేసయ్య కూడా పన్నెండేళ్లకే దేవాలయంలో పండితుల్ని ఆశ్చర్యపరిచి, మళ్లీ నజరేతుకు పోయి అమ్మానాన్నలకి లోబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ల దాకా వడ్రంగమే.

ఇక నా సంగతి ఒకటి చెప్తాను. మీ అమ్మకి తెలీదు.

1973. నాకు పందొమ్మిదేళ్లు. ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నాను. పిల్లల వార్డులో నైట్ డ్యూటీ. ఆ వారమే ఉజ్జీవ కూటాలు. పగలు పడుకోవాల్సినదాన్ని పాటల ప్రాక్టీసుకి పోయి, సాయంత్రం కూటానికి పోయి, అటునుంచి అటే డ్యూటీకి వెళ్లేదాన్ని. మూడో రోజు మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను. నా చేతులూ కాళ్లూ ప్రభువువే అన్నాను. ముందు వరసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

వార్డులో ఇరవై రెండు మంచాలు. అప్పట్లో గాజు థర్మామీటర్లు. పాదరసం దిగేలా విదిలించి, పిల్లవాడి చంకలో పెట్టి, జారిపోకుండా చెయ్యి అదిమి పట్టుకుని నిలబడాలి. లాంతరులాంటి చిన్న దీపం దగ్గరకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పితే గానీ గీత కనబడదు. తెల్లవారుజామున నాలుగు గంటలకి అందరికీ చూడాలి. నాకు కళ్లు కూరుకుపోతున్నాయి. కుర్చీలోంచి లేవలేదు. ముందు టైముకి ఎంత ఉందో చూసి, అటూ ఇటూగా అంకెలు వేసుకుంటూ పోయాను. పదిహేనో మంచానికి 99 వేశాను. గుండ్రటి చేతిరాతతో వేశాను. ఆ రెండు తొమ్మిదులు ఇప్పటికీ నా కళ్లముందు ఉంటాయి.

ఐదు దాటాక పదిహేనో మంచం దగ్గర తల్లి కేక పెట్టింది. ఐదేళ్ల పిల్లాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, కళ్లు తేలేశాడు. ఫిట్స్. స్టాఫ్ సిస్టర్ పరుగున వచ్చి వాణ్ణి పక్కకి తిప్పింది, డాక్టరుకి కబురు పంపింది, తడిగుడ్డలతో ఒళ్లంతా తుడిపించింది. జ్వరం 104. బిడ్డ కాస్త తెరిపిన పడ్డాక చార్టు చేతిలోకి తీసుకుంది. నాలుగింటికి 99.

"నువ్వు చూశావా?" అంది.

"చూశాను సిస్టర్" అన్నాను.

సాక్ష్యం చెప్పి పది గంటలైనా కాలేదు తల్లీ. అదే నోరు.

బిడ్డ బతికాడు, దేవునికి స్తోత్రం. తొమ్మిదో రోజు ఇంటికి వెళ్లిపోతూ వాళ్లమ్మ నా దగ్గరకొచ్చింది. ఆ తెల్లవారు నేను మంచం పక్కన మోకాళ్లూనడం చూసిందట. "నీ ప్రార్థనే నా బిడ్డని నిలబెట్టింది" అని కొంగు ముడి విప్పి రెండు జామకాయలు నా చేతిలో పెట్టింది. హాస్టల్ కిటికీలో పెట్టాను. తినలేకపోయాను, పారేయలేకపోయాను. అవి మెత్తబడి వాసన రావడం మొదలయ్యాక, పన్నెండో రోజు, సిస్టర్ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆమె మన సంఘం మనిషి కాదు. నుదుట ఇంత కుంకుమబొట్టు, శుక్రవారం వస్తే గుడికి వెళ్లే మనిషి. దూది చుట్టలు చుడుతూ అంతా విన్నది. తిట్టలేదు. థర్మామీటర్ తీసి నా చేతిలో పెట్టి, "అన్ని మంచాలూ చూసుకుని రా" అంది. అది టెంపరేచర్ చూసే వేళ కూడా కాదు. గంట పైన పట్టింది. చూసి వచ్చి చార్టు చూపిస్తే, "రేపు కూడా" అంది. నెల రోజులు, ప్రతి తెల్లవారుజామున నాలుగింటికి నాతో పాటు మంచం మంచానికీ నడిచింది. గీత నేను చదివాక ఆమె చదివేది. నా లోపల గట్టిపడ్డదేదైనా ఉంటే ఆ నెలలో గట్టిపడింది.

కూటాలు తప్పనడం లేదు. నేను రక్షణ పొందింది కూటంలోనే. కానీ నీ సమర్పణ ఏ పాటిదో క్యాంపులో చప్పట్లు కొట్టినవాళ్లకి తెలీదు, నీ కెమిస్ట్రీ రికార్డుకి తెలుస్తుంది. ట్యూషన్‌కని చెప్పి ప్రార్థన కూటానికి వెళ్లావట రెండుసార్లు. మీ అమ్మ ఆ మాట చెప్తుంటే నాకు ఒళ్లు మండింది. ప్రభువు దగ్గరికి అబద్ధం చెప్పి వెళ్తారటే? ఈ రోజే అమ్మ పక్కన కూర్చుని చెప్పు. తిడితే తిట్టించుకో. నువ్వు చెప్తావని నాకు తెలుసు, నా బంగారు తల్లివి.

ఇంకో మాట. నీకు ప్రశ్నలు వస్తాయి. కాలేజీలో వస్తాయి, ఎవరైనా చిన్నవయసులో పోతే వస్తాయి, ప్రార్థన చేసినా జరగకపోతే వస్తాయి. మీ మామయ్యకి పదహారేళ్లప్పుడు వచ్చాయి. వాడి స్నేహితుడు సముద్రంలో పోయాడు. ఎందుకని నన్నడిగాడు. "అలా అడక్కూడదు, పాపం" అని నోరు మూయించాను. నా దగ్గర జవాబు లేదని చెప్పడానికి భయపడ్డాను. వాడు మళ్లీ అడగలేదు. చర్చికి రావడం కూడా తగ్గించేశాడు. ఇప్పుడు క్రిస్మస్‌కి వస్తాడు, నన్ను దింపి కారు దగ్గరే నిలబడతాడు. నీకేదైనా సందేహం వస్తే ఎంత పెద్దదైనా నన్నడుగు. తెలిస్తే చెప్తాను, తెలియకపోతే ఇద్దరం తెలియకుండానే మోకాళ్లూనుదాం. అడగనివ్వని చోట మాత్రం ఎక్కువసేపు కూర్చోకు.

ఆ టీము గురించి. వాళ్లు మంచివాళ్లే అయి ఉండొచ్చు. సెలవుల్లో మీ అమ్మో నాన్నో తోడుంటే వారం రోజులు వెళ్లిరా. కానీ నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు ఎవరి చేతికీ ఇవ్వకు, ఎంత పెద్ద సేవకుడైనా సరే. లెక్క చెప్పని చోట కానుక డబ్బు నీ చేత్తో వసూలు చేయకు. అన్నిటికన్నా ముఖ్యం, "నీ గురించి దేవుడు నాకు ఒక మాట చెప్పాడు" అంటూ ఏ మగవాడైనా నిన్ను ఒంటరిగా పిలిస్తే వెళ్లకు, వెంటనే అమ్మకి ఫోన్ చెయ్యి. నిన్ను సేవకు పిలిచిన ప్రభువుకి నీ పేరు తెలుసు, చెప్పాల్సింది నీతోనే చెప్తాడు. ఇది భయపెట్టడానికి రాయడం లేదు. నలభై ఏళ్లు వార్డుల్లో పనిచేశాను, ఏడుస్తూ వచ్చిన ఆడపిల్లల్ని చూశాను.

ఉపవాసాలు ఆపు. వారానికి రెండు రోజులు ఏమీ తినడం లేదట. పోయిన ఏడాది నీ హిమోగ్లోబిన్ తొమ్మిది. నెలసరిలో కళ్లు తిరిగి బస్టాపులో కూర్చుండిపోయిన పిల్లవి. పరీక్షలు మార్చిలో పెట్టుకుని కడుపు మాడ్చుకోమని ప్రభువు అడగలేదు. రాగి సంకటి తిను, తోటకూర తిను, గుడ్డు తిను. డాక్టరు రాసిన ఐరన్ మాత్ర మానకు, అది మింగిన గంటలోపు కాఫీ తాగకు. ఉపవాసమే ఉండాలనిపిస్తే ఆ రెండు రోజులూ ఫోన్ మానేయి.

ఈస్టర్‌కి ముందు బుధవారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తాను. టికెట్ మామయ్య తీస్తానన్నాడు. బాప్తిస్మానికి తెల్లచీర నేనే తెస్తున్నాను, నీళ్లలో ఒంటికి అంటుకోని మందపాటి నేత చీర. జాకెట్టు కొలత పంపించు. తిరుగు ప్రయాణంలో నువ్వు కూడా నాతో రా. కాట్పాడిలో దిగి వెల్లూరు వెళ్దాం, నీకు ఆ ఆసుపత్రి ఒకసారి చూపించాలి.

నేను వచ్చేలోపు రక్తపరీక్ష చేయించి పెట్టు. అంకె ఫోన్‌లో చెప్పొద్దు. రిపోర్టు కాగితం నా చేతికివ్వాలి, నేను నా కళ్లతో చూస్తాను.

ప్రేమతో,
అమ్మమ్మ