సమాధానం: ఎరువు వేశాక వచ్చే ఘాటు వాసన

హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్ దగ్గర మీ టమాటా తోటలో కోళ్ల ఎరువు, యూరియా చల్లిన మర్నాడు కళ్లు మండుతున్నాయని పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు గొడవ చేస్తున్నారని రాశారు. దయచేసి వాళ్ల మాట కొట్టిపారేయకండి. ఆ ఘాటు అమోనియా అనే వాయువుది.

యూరియాలో 46 శాతం నత్రజని, అంటే 45 కిలోల బస్తాలో 20 కిలోలకు పైనే. తడి నేల మీద పైపైన పడి ఉంటే మట్టిలోని యూరియేజ్ ఎంజైమ్ దాన్ని అమోనియాగా మారుస్తుంది. ఎండ, గాలి తోడైతే అది ఎగిరిపోతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న నత్రజనే పోతోంది! పైగా ఆ అమోనియా వాహనాల పొగ నుంచి పుట్టే నైట్రిక్ ఆమ్లంతో కలిసి 2.5 మైక్రాన్ల కన్నా సన్నని కణాలవుతుంది. అవి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. చలికాలంలో ఈ కలయిక మరీ ఎక్కువ. నగరాన్ని ఆనుకుని సాగు చేసే మనం ఇది పట్టించుకోవాలి.

వెదజల్లడం మానండి. మొక్క మొదలుకు కాస్త దూరంగా రెండు అంగుళాల లోతున వేసి, మట్టి కప్పి, వెంటనే నీళ్లు పెట్టండి. డ్రిప్ ఉంటే నీళ్లతోనే కొద్దికొద్దిగా ఇవ్వండి. మోతాదు భూసార పరీక్ష చూసి నిర్ణయించుకోండి.

యూరియాకు వేపనూనె పూత ఉంది కదా, అమోనియా పోదులే అనుకోవద్దు. ఆ పూత మట్టిలో నత్రజని నైట్రేట్ అనే రూపంలోకి మారడాన్ని నెమ్మదిగా జరిగేలా చేస్తుంది గానీ అమోనియాను ఆపదు.

కోళ్ల ఎరువు పచ్చిది వేయకండి. కప్పి ఉంచి, బాగా మాగాక దుక్కిలో కలియదున్నండి.