సింగపూర్‌లో అన్ని జాతులవాళ్లు నిజంగా కలిసే ఉంటారా? నాయనమ్మ వచ్చిన డిసెంబరులో నేను చూసింది

మీ ప్రశ్న: "ఆగస్టులో సింగపూర్‌కి చదువుకోడానికి వెళ్తున్నాను. అక్కడ చైనీయులు, మలయ్‌లు, భారతీయులు సామరస్యంగా ఉంటారని అందరూ అంటారు. అది నిజమా, పైపై మర్యాదేనా? అక్కడ ఉంటున్న విద్యార్థులు చెప్పగలరా?"

నాకు ఆరేళ్లప్పుడు నాన్న ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాం. ఇప్పుడు యూనివర్సిటీలో రెండో ఏడు, హాస్టల్లో ఉంటున్నాను. ఇల్లు టాంపనీస్‌లో. మొన్న డిసెంబరు సెలవులకి ఐదు వారాలు ఇంట్లో ఉన్నాను. అప్పుడే తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాయనమ్మ వచ్చింది. పద్నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నవాటిని ఆవిడ పక్కన నిలబడితే గానీ నేను సరిగా చూడలేదు. అందుకని ఆ సెలవుల సంగతే చెప్తాను.

ముందు సూటిగా జవాబు. సామరస్యం నిజమే, కానీ అది దానంతట అది పుట్టింది కాదు. కొంత చట్టం వల్ల వచ్చింది, కొంత పాత గాయం మళ్లీ రేగకూడదన్న భయం వల్ల వచ్చింది. ఆ రెండూ మనుషుల్ని పక్కపక్కన కూర్చోబెట్టగలవు, అంతవరకే. ఆ తర్వాత పక్కింటివాళ్ల సంగతులు తెలుసుకోవడం, గుర్తుపెట్టుకోవడం ఎవరికి వాళ్లు చేసుకోవాల్సిన పని. కొందరు చేస్తారు, కొందరు చెయ్యరు.

పాత గాయం అన్నది 1964 అల్లర్లు. ఆ ఏడాది జూలై 21న, ప్రవక్త జన్మదినం ఊరేగింపు జరుగుతుండగా మలయ్‌లకీ చైనీయులకీ గొడవలు మొదలయ్యాయి. 23 మంది చనిపోయారు, 450 మందికి పైగా గాయపడ్డారు. సెప్టెంబరులో మళ్లీ రేగాయి. తర్వాతి ఏడాదే సింగపూర్ మలేషియా నుంచి విడిపోయి వేరే దేశమైంది. ఇప్పుడు ప్రతి జూలై 21న స్కూళ్లలో జాతుల సామరస్య దినం జరుపుతారు, పిల్లలు ఎవరి బట్టలు వాళ్లు కట్టుకుని వెళ్తారు. నేను చిన్నప్పుడు పట్టులంగా కట్టుకుని ఫొటోలు దిగేదాన్ని. ఆ రోజునే ఎందుకు జరుపుతారో చాలా ఏళ్లు పట్టించుకోలేదు.

చట్టం విషయానికొస్తే, ఇక్కడ ఎక్కువమంది ఉండేది ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో. ఒక్కో జాతివాళ్లు ఒకేచోట గుంపుగా చేరకుండా 1989 నుంచి కోటా పెట్టారు. ఇప్పుడు ఒక బ్లాక్‌లో చైనీయులు 87 శాతం, మలయ్‌లు 25 శాతం, భారతీయులూ ఇతరులూ కలిపి 15 శాతం దాటకూడదు. ఇది ఫ్లాట్లు కొనడానికి వర్తించే లెక్క. మాకు పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చాక అమ్మకి ఒక ఫ్లాట్ బాగా నచ్చింది. ఆ బ్లాక్‌లో భారతీయుల కోటా నిండిపోయిందని ఏజెంట్ చెప్పాడు. అమ్మ చాలా రోజులు బాధపడింది. కోటా నిండిన బ్లాక్‌లో అమ్ముకునేవాళ్లకీ ఇబ్బందే, కొనేవాళ్లు తగ్గిపోతారు కాబట్టి. కానీ ఆ కోటా వల్లే మా కారిడార్‌లో ఎడమవైపు చైనీస్ అంకుల్, ఆంటీ, కుడివైపు మలయ్ కుటుంబం, మధ్యలో మేం వచ్చి పడ్డాం. ఈ రెండో మాట ఒప్పుకోడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

చేదు కూడా దాచకుండా చెప్పాలి. ప్రైమరీ మూడో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయి నా జడలో నూనె వాసన వస్తోందని బెంచీ చివరికి జరిగింది. నేను ఇంటికెళ్లి ఆ రాత్రే తలంటుకుని, ఇంక నూనె పెట్టొద్దని అమ్మతో గొడవపెట్టుకున్నాను. మా సీనియర్ ఒకతను అద్దెకి గది వెతుకుతుంటే ఫోన్‌లో మొదటి ప్రశ్న "ఇండియనా? వంట చేస్తావా?" అనే వచ్చేది. మీకూ ఎదురుకావచ్చు. ఉద్యోగాల్లో వివక్షని అడ్డుకోడానికి 2025లో పార్లమెంటు చట్టం చేసింది, కానీ అది ఉద్యోగాలకే. మన వైపు తప్పులు లేవా అంటే ఉన్నాయి. "వీళ్లు ఏదైనా తింటారు" అని మా ఇంట్లో భోజనాల దగ్గర అనుకున్న మాటలు నాకు గుర్తున్నాయి. ఆ మాట మనం అన్నప్పుడు మామూలు మాటలా ఉంటుంది, మనల్ని అన్నప్పుడే మనసు చివుక్కుమంటుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇక్కడి లెక్కల్లో మనం "ఇండియన్" అన్న ఒక్క గడిలో ఉంటాం. అధికార భాషలు నాలుగు: మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లీషు. స్కూల్లో మాతృభాషగా తెలుగు లేదు, నేను హిందీ చదివాను. నీ మాతృభాష ఏంటని టీచర్ అడిగితే హిందీ అని చెప్పిన రోజు నాన్న ముఖం నాకింకా గుర్తుంది.

ఇక నాయనమ్మ. వచ్చిన వారానికి కుడిపక్కింటి మక్‌చిక్ (మలయ్‌లో పిన్ని వరస ఆడవాళ్లని అలా పిలుస్తారు) కూతురి పెళ్లి. బ్లాకుల కింద గోడల్లేని ఖాళీ స్థలం ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. మలయ్ పెళ్లిళ్లు అక్కడ జరుగుతుంటాయి. పెళ్లి శనివారం వచ్చింది. నాయనమ్మ శనివారం నీచు ముట్టదు. ఆ సంగతి మక్‌చిక్‌కి అంతకు ముందెప్పుడో అమ్మ చెప్పిందట. మేం కిందికి దిగేసరికి నాయనమ్మ కోసం విడిగా తెల్లన్నం, మాంసం గరిట తగలకుండా వండిన కూర, పళ్లు మూతపెట్టి ఉంచింది. "ఈవిడకి నా శనివారం ఎట్లా తెలుసే?" అని నాయనమ్మ నన్ను మూడుసార్లు అడిగింది.

పెళ్లికూతురి వేళ్లకి గోరింటాకు చూసి నాయనమ్మ ఇంకా ఆశ్చర్యపోయింది. అచ్చం మన టోపీల్లాగే ఉంది, వేళ్ల చివర ఎర్రగా. తన చేతిని ఆ పిల్ల చేతి పక్కన పెట్టి చూపించింది. మలయ్‌లో భర్తని "సుఆమి" అంటారు, సంస్కృతం నుంచి వెళ్లిన మాట, మన స్వామే. భార్య "ఇస్తెరి", అంటే స్త్రీ. నేను ఈ మాట చెప్పేసరికి నాయనమ్మ పెళ్లికొడుకుని చూసి "అయితే ఇతను స్వామివారా!" అంది. మక్‌చిక్‌కి ఇంగ్లీషులో చెప్తే ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ సాయంత్రం నాయనమ్మ మా ఊళ్లో పీర్ల పండగ గురించి చాలాసేపు చెప్పింది. పీర్లు ఎత్తేవాళ్లలో తన అన్న కూడా ఉండేవాడట. అప్పటిదాకా ఈవిడ ఇక్కడ ఎవరితో మాట్లాడుతుందా అని నాకు టెన్షన్‌గా ఉండేది. ఆవిడకి ఇది కొత్త కాదని, నాకే తెలియదని అర్థమైంది.

మధ్యలో ఒక ఆదివారం వాటర్‌లూ స్ట్రీట్‌కి తీసుకెళ్లాను. అక్కడ కృష్ణుడి గుడి, దాని పక్కనే చైనీయుల అమ్మవారు క్వాన్ ఇమ్ గుడి ఉన్నాయి. క్వాన్ ఇమ్ గుడికి వచ్చినవాళ్లు చాలామంది కృష్ణుడి గుడి ముందు కూడా ఆగి అగరొత్తులు వెలిగించి దండం పెట్టుకుంటారు. నాయనమ్మ ఏమీ మాట్లాడలేదు. ఒక చైనీస్ ముసలావిడ అగరొత్తి గుచ్చి వెళ్లాక, అదే కుండీలో తనూ ఒకటి గుచ్చి వచ్చింది.

పెళ్లయిన వారానికి ఎడమపక్కింటి అంకుల్ పోయారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మేం కొత్తగా వచ్చినప్పుడు అమ్మ పోపు పెడితే ఆయన కిటికీ మూసేసేవారు. మాకు అవమానంగా ఉండేది. ఇక్కడ 2011లో కూర వాసన మీద ఇరుగుపొరుగు తగవు పత్రికలకెక్కితే, దేశంలో వేలమంది ఒకే రోజు కూర వండుకుని పంచుకున్నారు. మా తగవు అంతవరకూ రాలేదు గానీ రెండేళ్లు ముభావంగానే ఉన్నాం. చివరికి అమ్మే ఒకరోజు తలుపు తట్టి, మీకు ఇబ్బందా అని అడిగింది. ఆయాసం, మిరపకాయ ఘాటుకి దగ్గు ఆగదు అన్నారు. ఆ తర్వాత అమ్మ ఎండుమిర్చి వేయించే రోజున ముందే చెప్పేది. అంతే, ఇంక ఏ గొడవా లేదు. 1964లో ఆయనకి పన్నెండేళ్లట. కర్ఫ్యూ రోజుల్లో పక్కనున్న మలయ్ వాళ్లు తమ ఇంట్లో దాచారని నాకు లిఫ్ట్ దగ్గర ఒకసారి చెప్పారు. ఆ ఒక్కసారే చెప్పారు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పెళ్లి పందిరి వేసిన ఆ వాయిడ్ డెక్‌లోనే ఆయన శవపేటిక పెట్టారు. చైనీయులు మూడు, ఐదు, ఏడు, ఇలా బేసి రోజులు ఉంచుతారు. వీళ్లు ఐదు రోజులు ఉంచారు. రాత్రిళ్లు బంధువులు వంతులవారీగా మేలుకుని కూర్చున్నారు. వేరుశనగకాయలు, పుచ్చగింజలు, కూల్‌డ్రింకులు బల్లల మీద ఉన్నాయి. మక్‌చిక్ భర్త మొదటి రోజే వెళ్లి కుర్చీలు వేయించాడు. అమ్మా నాన్నా తెల్ల కవర్లో డబ్బు పెట్టి ఇచ్చారు, అక్కడి పద్ధతి అది.

నాయనమ్మ రానంది. "చావింటికి పోతే తలకి పోసుకోవాలి, ఈ వయసులో ఈ చలిలో..." అంది. డిసెంబరు వానలకి ఇక్కడ ఆవిడకి చలే. నేను బలవంతం చెయ్యలేదు. మూడో రోజు సాయంత్రం తనే చీర మార్చుకుని వచ్చి "పద, ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంటది" అంది. ఆవిడ అంటే ఆంటీ. వెళ్లి పక్కన కుర్చీలో కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. నాయనమ్మ ఆంటీ చెయ్యి పట్టుకుని, మన ఊళ్లో పరామర్శకి వెళ్తే ఎలా మాట్లాడుతుందో అలాగే తెలుగులోనే మాట్లాడింది. ఎన్నాళ్ల కాపురం, ఎంతమంది పిల్లలు, చివర్లో బాధపడ్డాడా అని. నేను ఇంగ్లీషులోకి మార్చబోతే ఆంటీ వద్దన్నట్టు చెయ్యి ఊపి, హొక్కియన్‌లో (చైనీయుల మాటల్లో ఒకటి) తను చెప్పుకుంది. ఇరవై నిమిషాలు అలా సాగింది. నేను పక్కన ఊరికే కూర్చున్నాను.

బయటికి వచ్చేటప్పుడు ఒక ఎర్ర దారం ఇచ్చారు. కీడు అంటకుండా ఉండడానికట, ఇల్లు చేరేలోగా వదిలెయ్యాలి. పక్కనే ఒక పళ్లెంలో పూలు వేసిన నీళ్లు ఉన్నాయి, వెళ్లేవాళ్లు ముఖం చేతులు కడుక్కుంటున్నారు. నాయనమ్మ ఆగి చూసింది. "మైల పోవడానికేగా?" అంది. అవునన్నాను. చేతులు కడుక్కుని, ముఖం మీద నీళ్లు చల్లుకుని, "అట్లా చెప్పవేం మరి, మొదటిరోజే వచ్చేదాన్ని కదే" అంది. పైకి వెళ్లాక తలస్నానం కూడా చేసిందనుకోండి. కానీ ఆ పళ్లెం దగ్గర ఆవిడ ముఖంలో వచ్చిన మార్పు నేను మర్చిపోలేను.

మీకు చెప్పదలుచుకున్నది కూడా దీని గురించే. మీరు ఇక్కడికి వచ్చాక మొదటి నెలలో మనవాళ్లే మీకు దొరుకుతారు. రూమ్ మనవాళ్లతోనే, వంట మనవాళ్లతోనే, క్రికెట్ మనవాళ్లతోనే. అలా నాలుగేళ్లు ఎవరి జోలికీ పోకుండా గడిపేసినా ఎవరూ తప్పు పట్టరు, గొడవా రాదు. మీరు పైపై మర్యాద అన్నది దాన్నే అయితే, అది ఇక్కడ కావలసినంత ఉంది. అక్కడితో ఆగకండి. హాకర్ సెంటర్‌లో (చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే చోటు) పళ్లేలు తిరిగి పెట్టేచోట హలాల్‌వి విడిగా ఉంటాయి, చూసి పెట్టండి. ప్రాజెక్టు గ్రూప్‌లో మలయ్ స్నేహితులుంటే శుక్రవారం మధ్యాహ్నం నమాజు ఉంటుంది, మీటింగ్ పెట్టేముందు ఒక్కసారి అడగండి. ఎవరి మతం మీదా సరదాకైనా మాట జారకండి, 1990 నుంచి దానికి విడిగా చట్టం ఉంది, ఇక్కడివాళ్లు చాలా గట్టిగా తీసుకుంటారు. మీరు ఏం తినరో, ఎందుకు తినరో మీరు కూడా చెప్పండి. సిగ్గుపడి దాచుకోవద్దు. అమ్మ చెప్పకపోతే మక్‌చిక్‌కి మా నాయనమ్మ శనివారం తెలిసేదే కాదు.

సంక్రాంతి వెళ్లిన వారానికి నాయనమ్మ ఊరికి వెళ్లిపోయింది, నేను హాస్టల్‌కి వచ్చేశాను. పోయిన ఆదివారం ఫోన్ చేసింది. నా చదువు గురించి అడిగాక, "ఆ పక్కింటావిడ ఎట్లా ఉంది? వాళ్లకి మనలాగా పదకొండో రోజు కాదటగా, నలభై తొమ్మిదో రోజట. ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. నేను లెక్కే పెట్టలేదు. ఫోన్ పెట్టేశాక క్యాలెండర్ చూసుకున్నాను. వచ్చే శనివారం. ఆ తర్వాత మూడు రోజులకే చైనీస్ కొత్త సంవత్సరం. ప్రతిసారీ రెండు నారింజపళ్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లేవాళ్లం. ఈసారి వాళ్లకి పండగ లేదు, పళ్లు తీసుకెళ్లొద్దని అమ్మకి మక్‌చిక్ ముందే చెప్పిందట. శుక్రవారం క్లాసయ్యాక ఇంటికి వెళ్తున్నాను.